విరూరు చాయవాక్యమునకు టీకాతాత్పర్యములు

మూలము: “సాసూబాయీ! దీర్ వచ్చిండు, జాఊ రాలే. చాయ ఎందరికి పెట్టాలె?”

అవతారిక: కాజీపేట-బల్హార్షా రైలుదారినున్న విరూరు గల రాజురా తాలూకా, 1956 వఱకు ఆదిలాబాదు జిల్లాలో నుండి పిమ్మట మరాఠీ సీమలోఁ గలిసినది. అచ్చటి యొక తెలుఁగింట మెట్టిన మరాఠీ కోడలు వంటింటి గడపనుండి పలికిన వాక్యమిది. క్రియలన్నియుఁ దెలుఁగు, చుట్టములందఱు మరాఠీ.

ప్రతిపదార్థము: సాసూబాయీ = ఓ అత్తగారా; ఇది సంస్కృత శ్వశ్రూశబ్దభవము, లాటినువారి ‘సోక్రుస్’ దీని తోఁబుట్టువు. దీర్ = మరది; సంస్కృతమున దేవృ, గ్రీకున ‘దాఏర్’, లాటినున ‘లేవిర్’. దేవరుఁడనఁగా రెండవ వరుఁడని యాస్కాచార్యులు నిరుక్తమున నిర్వచించిరి. ఆ మాట చెవిఁబడినచో ఈ దీర్ చాయ త్రాగకయే వచ్చిన బండిలోఁ దిరిగిపోవును గాన, సోదరభాషలనుఁ జూచిన యాధునికులు దాని నొప్పకుండుట మేలయ్యెను. జాఊ = తోడికోడలు; సంస్కృతమున యాతృ, లాటినున ‘యానిత్రికేస్’ అని బహువచనముననే కానవచ్చును; తోడు లేని తోడికోడలిని రోమకులు ఊహింపరైరి కాఁబోలు. చాయ = ఇట నీడ కాదు; చీనానుండి వచ్చిన పానీయము, పై వారెవ్వరికిని చుట్టము గాదు.

విశేషము: ఈ మూఁడు పేరులును కోడలి నోటివే యగుట కాకతాళీయము కాదు. డెల్‌బ్రూక్ పండితుఁడు 1889లో నీ బంధువాచకములనెల్లఁ బోల్చి చూచి, ఈ సోదరభాషల మూలభాషనుండి దిగివచ్చిన వియ్యపు పేరులు భార్య తన భర్తవారిని బిలుచునవియే గాని, భర్త భార్యవారిని బిలుచునవి కావని తేల్చెను. పిల్ల పరాయి యింట నడుగిడును. అచ్చట నందఱు క్రొత్తవారే గాన వారికి వేఱు పేరులు కావలసివచ్చెను. తెలుఁగున నట్లు గాదు: తండ్రి తోఁబుట్టువును అత్తయే, భర్త తల్లియు అత్తయే, తల్లి సోదరుఁడును మామయే, భర్త తండ్రియు మామయే. మేనఱికము కలిపిన వరుస యిది. మన పిల్ల ఉయ్యాలలో నేర్చిన పిలుపే కాపురమునకుఁ దీసికొనిపోవును. మరాఠాలలోను మేనమామ కూఁతునుఁ జేసికొనుట యున్నది. అయినను ఆత్యా, సాసూ యను రెండు మాటలును వారి భాషలో వేఱువేఱుగానే నిలిచినవి. ఆచారము దక్షిణమునకుఁ దిరిగినను నిఘంటువు ఉత్తరమునే చూచుచున్నది.

తాత్పర్యము: మరది యొక్కఁడే వచ్చెనని తానే చెప్పి మరల నెందఱికని యడుగుట దోషమని కొందఱందురు. అది తగదు. అత్తగారికిఁ గావలెనా యని సూటిగా నడుగలేక కోడలు పన్నిన ప్రశ్న యిది. తోడికోడలేల రాలేదను ప్రశ్నయు నిందే గర్భితము. రెండవ దానికి జవాబు రాలేదు. మొదటిదానికి “నాకు చక్కెర తక్కువెయ్యి” అని యత్తగారు పలికినందున రెండు కప్పులని సిద్ధాంతము. కోడలి వంతు గిన్నెలో మిగిలినది.