వాడివేడి మహాశయుడు

దినపత్రికా కార్యాలయములందు రాత్రి తొమ్మిది దాటిన పిదప, జిల్లాలనుండి వార్తలు వచ్చిపడుచుండు వేళ, డెస్కున ఒక మూల కుర్చీలో ఆసీనుడై, ప్రతి వార్తనూ చేతితో తాకిచూచి, ఏమాత్రము చల్లగా తోచినను తక్షణమే పొయ్యిమీది కెక్కించు ఉపసంపాదకు డొకడు తప్పక ఉండును. ఊరు మారినను, పత్రిక మారినను, ఈ జాతివాని నిఘంటువు మారదు. అందలి మొదటి మాటయు కడపటి మాటయు 'వాడివేడి'యే.

మండల పరిషత్తు సర్వసభ్య సమావేశము జరిగిన దనుకొందము. మంచినీటి పైపు పగిలి నెల దాటినదని సభ్యు డొకాయన లేచి అడుగుటయు, ఇంజనీరుగారు సెలవులో నున్నారని అధికారి సెలవిచ్చుటయు, పిమ్మట అందఱును ఉప్మా తిని ఎవరిదారిన వారు పోవుటయు తప్ప వేఱేమియు జరుగకపోయినను, మఱునాడు జిల్లా పుటలో 'వాడివేడిగా సర్వసభ్య సమావేశం' అని పెద్ద అక్షరములు వెలయును. పైపు సంగతి కడపటి పేరాలో చేరి, స్థలాభావముచేత కోతపడును. ఆ విశేషణముయొక్క మహిమ యిందే యున్నది: సభలో ఎవ రేమన్నారో వ్రాయవలెనన్న అక్కడ కూర్చుండి వినవలెను, సభ వాడివేడిగా జరిగినదని వ్రాయుటకు గడప దాటనక్కఱలేదు.

ఇతని చేతిలో ఎన్నికల ప్రకటన వెలువడక మునుపే రాజకీయము వేడెక్కును. టిక్కెట్టు రానివాడు అలిగి ముసుగుదన్ని పడుకొన్నచో అది 'అసమ్మతి సెగ' యగును. ఆ సెగ ఢిల్లీకి తాకును. ప్రతిపక్షనాయకుడు నిప్పులు చెరుగును, పసిడి ధర భగ్గుమనును, ఉల్లి మండును, క్రికెట్టులో ఆఖరి ఓవరు వేడి పుట్టించును. ఇంతయేల? మన్యమున లంబసింగిలో జనులు మంచుకు వణకి కంబళ్ళు కప్పుకొనుచుండగా, ఆ వార్తకు 'లంబసింగిలో వేడెక్కిన పర్యాటకం' అని శిరోనామ ముంచి తృప్తిగా నిట్టూర్చిన ధీరుడితడు.

ఒకనాటి రాత్రి క్రొత్తగా చేరిన కుఱ్ఱవాడు కాగితము పట్టుకొని వచ్చి, “కోరం లేక సమావేశం వాయిదా పడిందండీ, హెడ్డింగు ఏం పెట్టమంటారు సార్?” అని అడుగగా, మన మహాశయుడు తల యెత్తకయే, “'వాడివేడిగా వాయిదా' అని పెట్టు నాయనా” అనెను.

ఇట్టి శీర్షికలు చదివి తల పట్టుకొనువారికి పూర్వ మొక సౌకర్య ముండెడిది: అమృతాంజనము నెలకొల్పిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే 1908లో బొంబాయియందు ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మదరాసున దినపత్రికగా వెలయించిరి. పత్రికయు తలనొప్పి మందును ఒక్కచోటనే లభించిన ఆ సౌకర్యము నేటి పాఠకునకు లేదు.

మన ఉపసంపాదక మహాశయునికి భారత వాతావరణశాఖ పొడ గిట్టదు. మైదాన ప్రాంతమున గరిష్ఠోష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి, సాధారణముకంటె కనీసము 4.5 డిగ్రీలు హెచ్చితే తప్ప, లేదా నేరుగా 45 డిగ్రీలను తాకితే తప్ప, వడగాలి యను మాట నోట రానీయని పొదుపరి ఆ శాఖ. 'తీవ్ర' మను విశేషణమునకు మఱల వేఱు కొలత పెట్టినది. రోళ్ళు పగులు రోహిణికార్తెలో ఆ శాఖవారి ప్రకటన అంకెలతో వచ్చినపుడు, ఇతడు 'నిప్పుల కొలిమి' యని శీర్షిక కట్టి, చోటు చాలక అందలి 45ను కొట్టివేసెను. పుట అడుగున ఊరికొక అంకెగా చిన్న అక్షరములతో అచ్చగు ఉష్ణోగ్రతల పట్టికను మాత్రము జాలిగా చూచి, “ఇందులో బొత్తిగా వేడి లేదయ్యా!” అని పెదవి విఱిచెను.