వొగ్గీయాల మావ

సాలూరు బస్సు కోసం గజపతినగరం జంక్షన్లో నిలబడ్డవాడికి బస్సు దొరికినా దొరక్కపోయినా మావ దొరకడం ఖాయం. టీకొట్టు బల్ల మీద ఎడమకాలు చాపుకుని కూర్చునుంటాడు. ఆ కాలికో చరిత్ర ఉంది, తర్వాత చెప్తాను. ఊళ్ళో సగం మంది ఆయనకి మేనల్లుళ్ళే కాబట్టి మిగతా సగం కూడా మావా అనే పిలుస్తారు. వెనకాల మాత్రం వొగ్గీయాల మావ అంటారు. మా వైపు వొగ్గీడమంటే వదిలెయ్యడం. ఏ ఆటగాడికి ఏ దెబ్బ తగిలినా మావ నోట మొదట వచ్చే మాట అదే. "వొగ్గీయాల."

క్రికెట్టు సెలక్టర్లు దేశంలో ఏ టీకొట్టు దగ్గరైనా దొరుకుతారు. మా జిల్లాకైతే ఆ జబ్బు మరీ పాతది. 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టుకి కెప్టెన్ మన విజయనగరం మహారాజకుమార్ విజ్జీయే. ఆ టూరు మధ్యలోనే లాలా అమర్‌నాథ్‌ని ఇంటికి పంపించేశారు. "మనోళ్ళు అప్పుడే వొగ్గీడం నేర్సినారు" అని మావ మురిసిపోతాడు. అమర్‌నాథ్‌ని పంపింది దెబ్బ తగిలినందుకు కాదు మావా అంటే ఆ చిన్న విషయం పట్టించుకోడు.

మావ శాఖ కబడ్డీ. అందులోనూ గాయాలు. ఎవడు ఎన్ని పాయింట్లు తెచ్చాడో ఆయనకి అక్కర్లేదు; ఎవడి ఏ కీలు ఏ ఏడాది పోయిందో అడగండి, చెప్తాడు. మానాపురం సంతలో ఎద్దుని నాలుగడుగులు నడిపించి, పళ్ళు చూసి, అప్పుడు ధర మాట్లాడే ఇంట్లో పుట్టాడు. టీవీలో మనుషుల్నీ అలాగే చూస్తాడు. "కుడికాలు దాస్తన్నాడు, సూసినావా మాస్టారూ?" అంటాడు. తీరా చూస్తే అది ఆట కాదు, బనియన్ల ప్రకటన.

కానీ మోకాలి సంగతి ఆయనకి తెలిసినట్టు చాలామందికి తెలీదు, ఒప్పుకోవాలి. "రైడర్ తిరిగి గీత కాడికి దూకతాడా, ఎనకనోడు మడం పట్టేస్తాడు. పాదం నేల్లో పాతీసినట్టుండిపోతాది, నడుం మాత్రం తిరిగిపోతాది. మద్దినున్నది ఏటి సేస్తాది? సెరుకుగెడలాగ పుటుక్కుమంటాది." పెద్ద డాక్టరు లిగమెంటు బొమ్మ గీసి చెప్పేదీ ఇదే. మావ దానికి సెరుకుగెడ ఒక్కటే జోడించాడు.

ప్రో కబడ్డీ లీగ్‌లో మన జట్టు తెలుగు టైటాన్స్ అంటే ఆయనకి ప్రాణం. ఆ ప్రాణం ఎలా నిలిచిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. 2021-22 సీజన్లో 22 మ్యాచ్‌లకి ఒక్క గెలుపు. తర్వాతి సీజన్లో రెండు. ఆ తర్వాతా రెండే. మొత్తం 66 మ్యాచ్‌లకి అయిదు. ఇలా లెక్క తీసినవాణ్ణి మావ కళ్ళెర్రజేసి చూస్తాడు: "టైలు కలపలేదేటి?"

ఈ కష్టకాలంలోనే వొగ్గీడమనే సిద్ధాంతం పుట్టింది. 2019లో 1.45 కోట్లు పోసి తెచ్చుకున్న రైడర్ సిద్ధార్థ్ దేశాయ్‌ని 2021 వేలంలో మళ్ళీ 1.30 కోట్లకి అట్టిపెట్టుకున్నారు. నాలుగు మ్యాచ్‌లు తిరక్కుండా భుజం పోయింది. 2022 వేలంలో అదే మనిషిని అదే జట్టు 20 లక్షలకి తీసుకుంది. "భుజానికి కోటీ పది లచ్చలు తరుగు తీసినారు" అన్నాడు మావ. బెల్లం దిమ్మకి కూడా అంత తరుగు ఎక్కడా తియ్యరని టీకొట్టంతా ఒప్పుకుంది.

అసలు పరీక్ష ఇంకో రైడర్ పవన్ సెహ్రావత్‌తో వచ్చింది. 2022లో తమిళ్ తలైవాస్ అతనికి 2.26 కోట్లు పెట్టింది. ఆ జట్టు తరఫున మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయి సీజనంతా బయట కూర్చున్నాడు. మరుసటి వేలంలో మన టైటాన్స్ 2.605 కోట్లకి పాడేశారు. ఆ రాత్రి మావ అన్నం ముట్టలేదని అత్త చెప్పింది. "కుంటినాక ఎద్దుకి ముప్పైనాలుగున్నర లచ్చలు పెరుగుతాదేటి? ఏ సంతలోన సూసినారు?" అప్పుడూ గెలుపులు రెండే. 2024లో ఇంకొకడు పాడిన పాటకి సరిసమానంగా ఇచ్చి మన మనిషిని మనమే ఉంచుకునే పద్ధతిలో, దాన్నే ఫైనల్ బిడ్ మ్యాచ్ అంటారు, 1.725 కోట్లకి మళ్ళీ ఉంచుకున్నారు. సీజన్ నడుమ మళ్ళీ దెబ్బ. అతను కూర్చున్నాక విజయ్ మలిక్ నడిపించాడు, జట్టు ఆ ఏడాది మొత్తమ్మీద 12 మ్యాచ్‌లు గెలిచింది. మావ ఛాతీ మీద కండువా నిలవలేదు.

2025 వేలంలో టైటాన్స్ పవన్‌ని వొగ్గీశారు. తలైవాస్ 59.5 లక్షలకి తీసుకుపోయింది. మావ మాట నెగ్గింది కదా, ఇవాళ టీలు ఆయనవే అనుకుని నలుగురం ఆశగా చేరాం. మావ కాలు కూడా చాపలేదు. ముడుచుకుని కూర్చున్నాడు.

"ఎలగొగ్గీసినారు మాస్టారూ ఆడిని? మోకాలు పోయిందని మనిషిని వొగ్గీస్తారేటి? కసాయోళ్ళు!"

అప్పుడర్థమైంది నాకు. మావకి ఆటగాణ్ణి వదలడం కావాలని కాదు, ఎవరూ తన మాట వినకపోవడం కావాలి. వింటే ఆయనకి పనుండదు. ఆ ఆగస్టు 29న సీజన్ మొదటి మ్యాచ్ మన విశాఖపట్నంలోనే పెట్టారు, ఎదుటి జట్టు తలైవాస్, అందులో పవన్. మావ బస్సెక్కి వెళ్ళాడు. టైటాన్స్ 35, తలైవాస్ 38. మర్నాడు ఓదార్చబోతే, "ఓడిపోడమేటి? పవన్ నెగ్గినాడు కాదేటి! మనోడే" అన్నాడు. తర్వాత తలైవాస్‌తో కూడా పవన్‌కి నడిమధ్యలోనే దారులు వేరయ్యాయి. టైటాన్స్ ప్లేఆఫ్స్‌కి చేరారు. ఈ రెంటినీ కలిపి మావ ఒక సిద్ధాంతం చెప్పాడు గానీ, అప్పటికి నా బస్సొచ్చేసింది.

అర్ధరాత్రి ఫుట్‌బాల్ చూసే కుర్రాడొకడున్నాడు మా దగ్గర. ఆర్సెనల్ వాళ్ళు అబూ డియాబీ అనే ఆటగాణ్ణి 2006లో తెచ్చుకున్నారనీ, ఆ ఏడాదే చీలమండ విరిగిందనీ, ఆ తర్వాత దెబ్బ మీద దెబ్బ తగులుతున్నా 2015 దాకా ఉంచుకున్నారనీ చెప్పాడు. మావ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "తొమ్మిదేళ్ళా? ఆళ్ళు నడిపింది జట్టు కాదురా, ఆసుపత్రి." కాసేపాగి, "భోజనం కూడా పెట్టీవోరేటి?" అని అడిగాడు. ఆ గొంతులో కొంచెం అసూయ ఉంది.

ఇక ఆ ఎడమకాలు. ముప్పై ఏళ్ళ కిందట సంక్రాంతి ఆటలో నలుగురు పట్టుకుంటే నలుగుర్నీ ఈడ్చుకుని గీత దాటాడనీ, అప్పుడు మోకాలు పట్టేసిందనీ మావ కథనం. ఆట అయిపోయాక కాలువగట్టు మీద జారాడని అత్త కథనం. "ఆ మోకాలితోటే ముప్పై ఏళ్ళు అట్టీపెట్టుకున్నాను, నన్నెవులూ వేలానికి పిలవలేదు" అంటుంది అత్త. ఆవిడ అన్నప్పుడు మావ టీవీ గొంతు పెంచుతాడు.

మొన్న సంక్రాంతికి మా వీధి జట్టు కూర్చింది. ఎరువుల కొట్టాయన పన్నెండు చొక్కాలు కుట్టించాడు. ఆడేది ఏడుగురు, బల్ల మీద అయిదుగురు. పదకొండు చొక్కాలకి మనుషులు కుదిరారు. పన్నెండోది పట్టీగాడికివ్వాలా వద్దా అని టీకొట్టు దగ్గర రెండ్రోజులు సభ. పట్టీగాడంటే మోకాలికి పట్టీ లేకుండా మేమెప్పుడూ చూడని కుర్రాడు. మా జట్టులో మూడు సంక్రాంతులున్నాడు. మొదటి ఏడు సాధనలో భుజం. రెండో ఏడు ఆటకెళ్తూ బండి దిగబోయి చీలమండ. మూడో ఏడు ఏ దెబ్బా తగల్లేదు, జ్వరమొచ్చి పడుకున్నాడు.

"వొగ్గీయాల" అన్నాడు మావ.

"ఆడిని వొగ్గీస్తే కట్లెవుడు కడతాడు మావా?" అన్నాడు కెప్టెన్. అదీ నిజమే. విజయనగరంలో ఎక్స్‌రే ఎక్కడ తొందరగా తీస్తారో, ఏ ఎముకల డాక్టరు ఏ వేళ ఉంటాడో వాడికి కంఠతా. క్రేప్ బ్యాండేజీ చుట్టడంలో కాంపౌండర్లు వాడి ముందు చాలరు. వాళ్ళమ్మ పంపే అరిసెల డబ్బా సంగతి ఎవరూ పైకి అనలేదు, అందరికీ గుర్తుంది.

నన్నడిగితే ఉంచమన్నాను. అరిసెల కోసం కాదు, లేదా అరిసెల కోసం మాత్రమే కాదు. వచ్చే ఏడు చొక్కా ఉందో లేదో తెలియనివాడు నొప్పి దాచుకుని ఆడతాడు. దాచిన నొప్పి మీద ఇంకో పట్టు పడిందా, మూడు వారాల్లో తగ్గేది తొమ్మిది నెలలవుతుంది. బల్ల మీద దెబ్బతిన్నవాడికి చోటుందని చూసిన మిగతావాళ్ళు నొప్పి పుట్టగానే చెయ్యెత్తుతారు. ఇదంతా నేను చెప్తుంటే అందరూ తలూపారు. తలూపడం చూడగానే మావకి ఒళ్ళు మండింది.

"దెబ్బ తగలకుండా మడం పట్టు ఇడిపించుకోడం రాదు ఈ గుంటలకి. అది నేర్పండి ముందు. ఇలగ సూడండి!" అంటూ లేచి, పంచె ఎగ్గట్టి, టీకొట్టు ముందు మట్టిలోకి దిగాడు. ఒక కుర్రాణ్ణి మడం పట్టుకోమన్నాడు. వాడు భయపడుతూ పట్టుకున్నాడు. మావ నడుం తిప్పాడు.

పాదం తిరగలేదు.

పట్టీగాడు ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. జేబులోంచి క్రేప్ చుట్ట తీశాడు. మోకాలి చిప్పకి పైనా కిందా ఎనిమిది అంకెలాగా చుట్టి, పిన్ను గుచ్చి, "ఇరవయ్యొక్క రోజులు నేల మీద ఆనించకు మావా" అని, బండి రోడ్డుకవతల ఉంది కాబట్టి, ఆయన చెయ్యి తన భుజమ్మీద వేసుకుని లేవదీశాడు. మొదటి ఏడు పోయిన భుజం అదే. అటునుంచి లారీ వస్తోంది. రోడ్డు మధ్యలో పట్టీగాడి పట్టు కాస్త సడలినట్టుంది.

"ఒరే, ఒరే! వొగ్గీకురా బావూ, వొగ్గీకు!"