మారియో ద్వితీయ కాండ: టీకా తాత్పర్య సహితం

మూలం: పెట్టెను తలతో కొట్టెను, పుట్టగొడుగు వెడలెను, మారియో తినెను, చచ్చెను.

అవతారిక: నింటెండో కంపెనీ 1986 జూన్ 3న జపాన్‌లో ‘సూపర్ మారియో బ్రదర్స్ 2’ను ఫ్యామికామ్ డిస్కు మీద విడుదల చేసింది. మొదటి ఆట వచ్చి అప్పటికి తొమ్మిది నెలలు కూడా నిండలేదు. ‘సూపర్ ప్లేయర్ల కోసం’ అని అట్ట మీదే రాసి మరీ అమ్మారు. ఇంత కఠిన గ్రంథానికి టీక లేకపోవడం లోపమని సూళ్ళూరుపేటలో, పులికాట్‌కు కూతవేటు దూరాన, ఒక వ్యాఖ్యాత గంటం పట్టాడు. ఆయన గురుకులం 1990ల నాటిది: టీవీకి తగిలించే నకిలీ గేమ్ పెట్టె, లోపల పదీ పదిహేను ఆటలుంటే లక్షల ఆటలని చెప్పుకునే పసుపుపచ్చ క్యాసెట్టు. రైలెక్కితే మద్రాసు, దిగితే బర్మా బజారు. విద్యకు లోటేముంది?

ప్రతిపదార్థం: పెట్టెను = ప్రశ్నార్థకం గుర్తున్న ఇటుకను; తలతో = ఇది లోకంలో వాడుక మాత్రమే, బొమ్మను నిదానించి చూస్తే మారియో ఎగిరేటప్పుడు పిడికిలి పైకెత్తే ఉంటుంది, కనుక ‘పిడికిలితో’ అని చెప్పుకోవాలి; పుట్టగొడుగు = మొదటి కాండలో ఒళ్ళు పెంచినది, ఈ కాండలో రంగు మార్చుకొని వచ్చిన విషం; తినెను = తాకెను, నమలడానికి వ్యవధి లేదు గనుక; చచ్చెను = పొట్టిగా ఉన్నవాడైతే చచ్చెను, అప్పటికే పెరిగి ఉన్నవాడైతే పొట్టివాడయ్యెను అని అధ్యాహారం.

తాత్పర్యం: మొదటి ఆటలో అబ్బిన అలవాటే రెండో ఆటలో ప్రాణం తీస్తుంది.

ఆక్షేపం: అమెరికాలో నింటెండోకు ఆటల రుచి చూసి చెప్పే హోవర్డ్ ఫిలిప్స్ దీన్ని ఆడి పెదవి విరిచాడు. ఇది ఆట కాదు, శిక్ష అన్నది ఆయన పక్షం. దాంతో అమెరికా పిల్లలకు ఈ గ్రంథం దక్కలేదు. ‘డోకి డోకి ప్యానిక్’ అనే వేరే ఆటలోని పాత్రలకు మారియో బృందం వేషాలు కట్టి 1988లో ‘సూపర్ మారియో బ్రదర్స్ 2’ అని అమ్మారు. ఆ వేషధారి 1992లో ‘సూపర్ మారియో యూఎస్ఏ’ అన్న పేరుతో తిరిగి జపాన్‌కే చేరడం ఇంకో కథ.

తరువాతి విమర్శకులు ఇంకో తప్పు కూడా పట్టారు: బొమ్మలు పాతవే, పాటలు పాతవే, లెవెల్స్ మాత్రం కొత్తవి. దీన్ని సీక్వెల్ అంటారా, పాత ఆటకు తగిలించిన అనుబంధం అంటారా?

సమాధానం: అనుబంధమే. అందులో అవమానమేముంది? మూడో లోకం మొదటి లెవెల్లో ఒక దగ్గరదారి గొట్టం ఉంది. దూరితే తేలేది మొదటి లోకంలో! దగ్గరదారులు ముందుకే పోతాయని మొదటి ఆట నేర్పింది కాబట్టే ఇది మోసమైంది. ఆ పాఠం చదవనివాడికి ఇందులో మోసమూ లేదు, హాస్యమూ లేదు, ఉత్త చావే. తెలుగునేల వాడైన మల్లినాథసూరి భారవి కవిత్వాన్ని కొబ్బరికాయతో పోల్చాడు. రుచి ఉంది గానీ పీచు వలిచి, చిప్ప పగలగొట్టాలి. మొదటి మారియో ద్రాక్షాపాకం, రెండోది నారికేళపాకం. ఫిలిప్స్ పీచు దగ్గరే ఆగిపోయాడని వ్యాఖ్యాత మతం. జపాన్‌లో పాతిక లక్షలకు పైగా డిస్కులు అమ్ముడుపోయాయి మరి. అక్కడ వాళ్ళకు మూలం అప్పటికే కంఠస్థం.

అయితే వ్యాఖ్యాత పక్షపాతి కాడు. దగ్గరదారి పట్టకుండా ఎనిమిది లోకాలు దాటినవాడికి తొమ్మిదో లోకం ఇవ్వడం న్యాయమే. ఆపైన ఎ, బి, సి, డి లోకాలు చూడాలంటే ఆట మొత్తాన్ని ఎనిమిదిసార్లు ముగించాలనడం మాత్రం గ్రంథకర్తల దుర్మార్గం అని స్పష్టంగా రాశాడు.

పాఠభేదాలు: 1993 నాటి ‘సూపర్ మారియో ఆల్-స్టార్స్’ సంపుటిలో ఇది ‘ది లాస్ట్ లెవెల్స్’ అన్న పేరుతో అమెరికా చేరింది. ఆగినచోట దాచుకొని మళ్ళీ అక్కణ్ణించే ఆడుకోవచ్చు, పైగా విషపు పుట్టగొడుగు మీద పుర్రె బొమ్మ వేశారు. కావ్యంలోకే టీకను చొప్పించడమంటే ఇదే. 2007లో వీ కన్సోల్ మీద అసలు పాఠం అందాక పాశ్చాత్య విమర్శకులు రెండుగా చీలారు: నిపుణులకు విందు అని ఒకరు, మొండితనం అని ఒకరు. అభిమానులే మారియో ఆటలను చీల్చి చెండాడి తయారుచేసిన ‘కైజో’ ఆటలకు ఇదే మూలపురుషుడన్న గౌరవం కూడా దక్కింది.

వ్యాఖ్యాతకు అన్నిటికన్నా నచ్చిన పాఠం 1999 నాటి గేమ్ బాయ్ కలర్ ప్రతి. అందులో మొదటి ఆటలో మూడు లక్షల పాయింట్లు చేసినవాడికే రెండోది తెరుచుకుంటుంది. మూలం చదివినవాడికే టీక! కానీ ఆ ప్రతిలో మారియోను ఎత్తి విసిరే గాలిని తీసేశారు. గాలివాటం చూసి పడవ తీసే పులికాట్ ఊళ్ళ మనిషి దీనికి ఒప్పుకుంటాడా? ‘లేఖక దోషం, గ్రాహ్యం కాదు’ అని పక్కన రాసి, తర్వాతి లెవెల్‌కు పోయాడు.