ముందు గేర్‌బాక్స్, ఆ తర్వాతే ఇంజన్: కొన్ని ఎదురు సలహాలు

డాలస్ చుట్టుపక్కల పాత షెవర్లే టాహో సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కున్న మన పిల్లలు తరచుగా ఒకే ప్రశ్న అడుగుతుంటారు. “అంకుల్, కొంచెం డబ్బు దాచాను. ఇంజన్ కంప్యూటర్ ట్యూన్ చేయించమంటారా, ట్రాన్స్‌మిషన్‌కి షిఫ్ట్ కిట్ వేయించమంటారా?” బళ్ల పిచ్చి ఉన్న ఎవరినడిగినా ట్యూన్ అనే చెబుతారు. నేను మాత్రం ఆ డబ్బుతో పవరు కొనుక్కోవద్దంటాను. ముందు ట్రాన్స్‌మిషన్ కూలర్ పెట్టించండి. తర్వాత అన్నిటికంటే మెత్తగా ఉండే షిఫ్ట్ కిట్ వేయించండి. ట్యూన్ ఆఖరున, అదీ అప్పటికి ఇంకా కావాలనిపిస్తేనే. ఇది తలకిందుల సలహా అని మొహం మీదే అన్నవాళ్లున్నారు. అయినా ఇదే చెబుతాను, ఎందుకో కూడా చెబుతాను.

ఈ చిట్కాలు 2000 నుంచి 2006 దాకా వచ్చిన టాహోకీ, అదే ఇంజన్, అదే గేర్‌బాక్స్ ఉన్న సిల్వరాడో, సబర్బన్ బళ్లకీ. టాహోను మన పక్కనే ఉన్న ఆర్లింగ్టన్ ఫ్యాక్టరీలో తయారుచేసేవారు, ఇప్పటికీ చేస్తున్నారు. 5.3 లీటర్ల వీ8 ఇంజన్, 285 హార్స్‌పవర్‌కు అటూ ఇటూ. ఖాళీ బండి బరువే రెండు టన్నుల పైన. ఆ ఇంజన్‌కి వంక పెట్టడానికి లేదు. వేళకు ఆయిల్ మారిస్తే రెండు లక్షల మైళ్లు దాటినా పలుకుతుంది. బలహీనత దాని వెనక ఉన్న 4ఎల్60-ఈ గేర్‌బాక్స్‌లో ఉంది. 1982లో వచ్చిన 700ఆర్4 దీనికి మూలం. 1990ల మొదట్లో దానికే ఎలక్ట్రానిక్ కంట్రోల్ జోడించారు. ఇది భరించగలదని జనరల్ మోటార్స్ పెట్టిన హద్దు 360 పౌండ్-అడుగుల టార్క్. ఇంజన్ ఇచ్చేది ఎలాగూ 325కు అటూ ఇటూ ఉంది. కొత్తలోనే మిగులు బలం అంతంతమాత్రం. ఇరవయ్యేళ్లు తిరిగిన బాక్సు సంగతి వేరే చెప్పాలా?

దీని గేర్ల నిష్పత్తులు చూడండి: మొదటిది 3.06, రెండోది 1.63, మూడోది 1.00, నాలుగోది 0.70. మొదటి రెండింటికీ మధ్య చాలా ఎడం. పెడల్ తొక్కిపట్టి 5,500 ఆర్‌పీఎం దగ్గర రెండో గేరు పడితే ఇంజన్ ఒక్కసారిగా 2,900 దగ్గరికి దిగాలి. సెకను కూడా పట్టని ఆ వ్యవధిలో తిరుగుతున్న డ్రమ్మును ఒక బ్యాండు చుట్టి పట్టుకుని ఆపాలి. పట్టు చిక్కేదాకా జారుతుంది, జారినంతసేపూ వేడి పుడుతుంది. రెండు నుంచి మూడుకు వెళ్లేటప్పుడు ఆ బ్యాండు వదలాలి, అదే సమయానికి 3-4 క్లచ్ ప్లేట్లు పట్టుకోవాలి. ఈ బాక్సుల్లో తరచుగా కాలిపోయేవి ఆ ప్లేట్లే.

కంపెనీ ఈ జారుడును కావాలనే ఉంచింది. గేరు మారినట్టే తెలియకూడదని కొనేవాళ్లు కోరుకుంటారు. అందుకని ఆయిల్ ప్రెషరంతా ఒక్కసారే బ్యాండు మీద పడకుండా దారిలో అక్యుమ్యులేటర్ పెట్టారు. స్ప్రింగు ఆనుకుని ఉండే చిన్న పిస్టన్ అది. వచ్చే ఆయిల్‌లో కొంత దాన్ని నెట్టడానికి పోతుంది కాబట్టి బ్యాండు మీద ప్రెషరు మెల్లగా పెరుగుతుంది. ప్రయాణం హాయిగా ఉంటుంది, నిజమే. ఆ హాయికి అరుగుతున్నది మాత్రం బ్యాండూ క్లచ్ ప్లేట్లూ. అందుకే షిఫ్ట్ కిట్‌తో ఆ జారుడు తగ్గించి, గేరు మారేటప్పుడు చిన్న కుదుపు తెలిసేలా చేయాలంటాను. ఇంట్లోవాళ్లు “బండి కొంచెం తన్నుతోందేమిటి” అంటే కంగారుపడకండి, కిట్ వేశాక ఆ మాత్రం ఉండాలి.

ట్యూన్ విషయానికొస్తే, ఈ బండిలో ఇంజన్‌నూ గేర్‌బాక్స్‌నూ నడిపేది ఒకే కంప్యూటర్. హెచ్‌పీ ట్యూనర్స్, ఈఎఫ్ఐ లైవ్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే స్పార్క్ ఎంత ముందు పడాలి, పెట్రోలు ఎంత పోవాలి, గేరు ఏ వేగం దగ్గర మారాలి అన్నవన్నీ పట్టికల్లో కనబడతాయి. టర్బో లేని ఇంజన్ కాబట్టి ఎంత మంచి చెయ్యి పడ్డా కలిసొచ్చేది పది, పదిహేను హార్స్‌పవర్. కుటుంబమంతా ఎక్కి కూర్చున్నాక ఆ తేడా కాలికి తెలియదు. పైగా స్పార్క్‌కు రెండు పట్టికలుంటాయి, ఒకటి ఎక్కువ ఆక్టేన్‌కు, ఒకటి తక్కువ ఆక్టేన్‌కు. 93 పెట్రోలు కోసం ట్యూన్ చేయించుకుని, ధర చూసి 87 పోయించారనుకోండి. నాక్ సెన్సర్ పసిగడుతుంది, కంప్యూటర్ స్పార్క్‌ను తగ్గించుకుంటూ రెండో పట్టిక వైపు జరుగుతుంది. డబ్బిచ్చి కొనుక్కున్న పవరు పెట్రోలు బంకులోనే పోతుంది.

“ట్యూన్ తర్వాత గేర్లు ఎంత గట్టిగా పడుతున్నాయో చూడు” అనేవాళ్ల మాట నమ్మకండి. అలా పడేట్టు చేయడానికి ట్యూనర్‌కు ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి, ఆయిల్ ప్రెషరు పెంచమని కంప్యూటర్‌తో చెప్పించడం. ఈ బాక్సులో ప్రెషరు కంట్రోల్ సొలెనాయిడ్‌కు కరెంటు తగ్గేకొద్దీ ప్రెషరు పెరుగుతుంది, కరెంటు పూర్తిగా పోతే ప్రెషరు గరిష్ఠానికి చేరుతుంది. దాని వైరు తెగిన బండి గేరుగేరుకీ ఎగిరి తన్నేది అందుకే. కానీ కంప్యూటర్ అడగగలదంతే, ఇవ్వాల్సింది పంపూ వాల్వ్ బాడీ. ఇన్నేళ్ల రాపిడికి అల్యూమినియం వాల్వ్ బాడీలో వాల్వు ఆడే దారి అరిగిపోయి ఉంటే, పంపు పంపిన ఆయిల్ పక్కనుంచి కారిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఎంత అంకె వేసినా ఆ సందు పూడదు.

రెండో దారి నాకు నిజంగా బాధ కలిగించేది. గేరు మారే క్షణంలో కంప్యూటర్ స్పార్క్‌ను వెనక్కి లాగి ఇంజన్ బలాన్ని కాస్త తగ్గిస్తుంది. దీన్ని టార్క్ మేనేజ్‌మెంట్ అంటారు. బ్యాండుకూ ప్లేట్లకూ బరువు తగ్గేది ఆ క్షణంలోనే. రెడీమేడ్ ట్యూన్లు చాలావాటిలో దీన్నే సున్నా చేస్తారు, లేదా బాగా తగ్గించేస్తారు. బండి హుషారుగా ఉన్నట్టనిపిస్తుంది. జరిగింది మాత్రం గేర్‌బాక్స్‌కు కంపెనీ ఇచ్చిన రక్షణను మనమే డబ్బిచ్చి తీయించుకోవడం. మీరు ట్యూన్ చేయించి తీరాలనుకుంటే టార్క్ మేనేజ్‌మెంట్ జోలికి పోవద్దని ట్యూనర్‌కు ముందే చెప్పండి. ఒప్పుకోకపోతే ఇంకొకరిని చూసుకోండి.

పీ1870 అనే కోడ్ విషయంలోనూ ఇదే జరుగుతుంది. టార్క్ కన్వర్టర్ క్లచ్‌ను నడిపే వాల్వు దారి అరిగి, క్లచ్ జారుతుంటే పడే కోడ్ అది. ట్యూన్‌లో ఆ కోడ్‌ను ఆపేసి “లైటు ఆరిపోయింది కదా” అనేవాళ్లున్నారు. లైటు ఆరింది, జారుడు ఆగలేదు, ఆయిల్ కాలుతూనే ఉంది. దానికి విరుగుడు వాల్వ్ బాడీలో పనిచేయడమే. కొన్ని షిఫ్ట్ కిట్లలో అందుకు కావలసిన సామాను కలిసే వస్తుంది.

కిట్ వేసే పని ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే బండి పక్కన నిలబడి చూడాల్సిన పని ఇది. బండిని పైకెత్తి 16 బోల్టులు విప్పి ట్రాన్స్‌మిషన్ పాన్ దించుతారు. పాన్ అడుగున ఒక అయస్కాంతం ఉంటుంది. దాన్ని వేలితో తుడిచి చూడండి. బూడిదరంగు మెత్తని ముద్ద ఉంటే మామూలు అరుగుదలే. వేలికి గుచ్చుకునే లోహపు ముక్కలు తగిలినా, పాన్‌లో నల్లటి పొట్టు కనిపించినా, ఆయిల్ మాడు వాసన కొట్టినా పని అక్కడితో ఆపించండి. కిట్ డబ్బా విప్పకుండా వెనక్కి ఇచ్చేయండి. కాలిపోయిన ప్లేట్లను ఏ కిట్టూ బాగుచేయదు. ఆరోగ్యంగా ఉన్న బాక్సుకు వేసేదే షిఫ్ట్ కిట్.

ఫిల్టరు తీశాక వాల్వ్ బాడీ కనిపిస్తుంది. దాన్ని దించితే, దానికీ కేసుకూ మధ్య జల్లెడలా రంధ్రాలున్న రేకు బయటపడుతుంది. అదే సెపరేటర్ ప్లేటు. ఏ క్లచ్‌కు ఆయిల్ ఎంత వేగంగా చేరాలో ఆ రంధ్రాలను బట్టి ఉంటుంది. కిట్ కాగితంలో చెప్పిన సైజు డ్రిల్ బిట్‌తో రెండో గేరుకూ మూడో గేరుకూ వెళ్లే రంధ్రాలను పెద్దవి చేస్తారు. అక్యుమ్యులేటర్ స్ప్రింగులు మారుస్తారు. ప్రెషరు రెగ్యులేటర్ స్ప్రింగూ బూస్ట్ వాల్వూ కొత్తవి వేస్తారు. ఈ రేకు దగ్గర చెక్ బాల్స్ అనే చిన్న గుండ్లు ఉంటాయి. రేకు కదిలితే చాలు, ఆయిల్‌తో పాటు జారి నేలమీద దొర్లిపోతాయి. తిరిగి పెట్టేటప్పుడు ఒక్కోదానికీ కాస్త వాజలీన్ అద్ది గుంటలో అతికించాలి, లేకపోతే బిగించేలోపే రాలిపోతాయి. ఒక్క గుండు తప్పిపోయినా, పక్క గుంటలో పడినా గేర్ల వరస పాడవుతుంది. వాల్వ్ బాడీ బోల్టులను 8 పౌండ్-అడుగులకే బిగించాలి. చేతిబలం చూపిస్తే అల్యూమినియం వంగి వాల్వులు ఇరుక్కుంటాయి. టార్క్ రెంచ్ తీయని మెకానిక్ చేతికి ఈ పని ఇవ్వకండి, ఎంత తక్కువకు చేస్తానన్నా సరే.

గట్టిదనం విషయంలో ఆశ పనికిరాదు. కిట్ల కాగితాల్లో మామూలు వాడకానికి ఒక సైజు, రేసింగ్‌కు ఇంకో సైజు రంధ్రాలు రాసి ఉంటాయి. చిన్నదే వేయించండి. మితిమీరిన గట్టిదనం ప్లేట్లను కాపాడి లోహాన్ని విరగ్గొడుతుంది. ఈ బాక్సులో సన్ షెల్ అనే భాగం విరిగితే రెండో గేరు, నాలుగో గేరు, రివర్స్ మూడూ ఒకేసారి పోతాయి. అదే మూడూ నాలుగూ మాత్రమే పడకపోతే 3-4 ప్లేట్లు కాలిపోయాయని ముందుగా అనుమానించాలి. ఈ రెండు గుర్తులూ తెలిసుంటే షాపులో ఏం చెబుతున్నారో మీకు అర్థమవుతుంది. రెండో గేరు పట్టు మాత్రమే పెంచాలనుకునేవాళ్లకు ఇంకో చవక మార్గం ఉంది. బ్యాండును బిగించే సర్వో పిస్టన్ కార్వెట్‌కు పెద్దది వేస్తారు, అది ఈ బాక్సులో సరిగ్గా కూర్చుంటుంది. ప్యాసింజర్ వైపు మూత తీసి మార్చవచ్చు, పాన్ దించే పని లేదు.

మొదట కూలర్ అన్నాను కదా, దాని కారణం వేడి. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుఖంగా ఉంటుంది. ఆపైన ప్రతి 11 డిగ్రీలకూ దాని ఆయుష్షు సగం తగ్గుతుందన్నది ట్రాన్స్‌మిషన్ షాపుల్లో వాడే మోటు లెక్క. జూలైలో 40 డిగ్రీల ఎండలో, వెనక ట్రైలర్ తగిలించుకుని హైవే మీద ఆగుతూ సాగుతూ వెళ్లే బండి ఆ లెక్కలో ఎక్కడుంటుందో మీరే వేసుకోండి. టోయింగ్ ప్యాకేజీ లేని బళ్లలో ఆయిల్ చల్లబడేది రేడియేటర్ పక్క ట్యాంకులోనే. ముందు భాగంలో విడిగా ఒక కూలర్ పెట్టిస్తే అది చేసే మేలు ఏ పట్టికా చేయలేదు. ఆయిల్ మార్చేటప్పుడు 2005లో వచ్చిన డెక్స్‌రాన్-6 పోయించండి, అంతకుముందు బళ్లకూ అది సరిపోతుంది.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. కాలుష్య నియంత్రణ పరికరాలను పనిచేయకుండా చేసే ట్యూన్ అమెరికా క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం చట్టవిరుద్ధం, బండి ఎంత పాతదైనా సరే. కాలిఫోర్నియాలో 2021 జూలై నుంచి స్మాగ్ చెక్‌లో కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చారా అని కూడా చూస్తున్నారు. ఆమోదం లేని ట్యూన్ ఉంటే తనిఖీ పాసవదు. ఉద్యోగం మారి డాలస్ నుంచి ఫ్రీమాంట్‌కో సాక్రమెంటోకో బండి తీసుకెళ్లేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఈ సలహా అన్ని బళ్లకూ కాదు. టైర్ల సైజు పెంచినా, వెనక యాక్సిల్ నిష్పత్తి మార్చినా ట్యూనే ముందు, లేకపోతే స్పీడోమీటరూ గేరు మారే వేగమూ తప్పుతాయి. ఆ తర్వాతి టాహోల్లో వచ్చిన ఆరు గేర్ల 6ఎల్80లో కంట్రోల్ కంప్యూటర్ గేర్‌బాక్స్ లోపలే, ఆయిల్‌లోనే ఉంటుంది. అక్కడ గేర్ల తీరు మార్చాలంటే ముందు చూడాల్సింది సాఫ్ట్‌వేర్‌నే. హైదరాబాద్‌లో డీఎస్‌జీ గేర్‌బాక్స్ ఉన్న పోలో నడిపే తమ్ముళ్లు షిఫ్ట్ కిట్ కోసం వెతకనక్కర్లేదు, ఆ బాక్సు నిర్మాణమే వేరు. అయితే అసలు సూత్రం వాళ్లకూ వర్తిస్తుంది: ఆ ఏడు గేర్ల డ్రై క్లచ్ బాక్సు హద్దు 250 న్యూటన్ మీటర్లు. రీమ్యాప్ చేసే షాపువాడు టార్క్ అంకె ఘనంగా చెబుతుంటే ముందు ఆ హద్దు అడగండి.

టాహో ఉన్నవాళ్లు ఎవరికీ ఒక్క డాలరూ ఇవ్వకముందు చేయగలిగిన పని ఒకటుంది. చవకలో దొరికే ఓబీడీ రీడర్‌ను స్టీరింగ్ కింద గుచ్చి, ఫోనులో ట్రాన్స్‌మిషన్ టెంపరేచర్ తెరిచి, మధ్యాహ్నం ఎండలో ట్రాఫిక్‌లో ఒకసారి నడిపి చూడండి. అంకె 95 డిగ్రీల సెల్సియస్ దాటి అక్కడే నిలబడుతోందంటే ట్యూనూ వద్దు, కిట్టూ వద్దు. ముందు కూలర్ పెట్టించండి.