మూడు అగ్గిపుల్లలు

ఈ సంగతి మా ఆవిడకు సగమే తెలుసు. మిగతా సగం మీకు చెబుతున్నాను. మీరు కోప్పడరని నా నమ్మకం. మీ ఇంట్లో కూడా ఏదో ఒక మూల, పని నేర్చుకోకముందే నలుగురికీ గొప్పగా చెప్పుకున్న వస్తువు ఒకటి ఉండే ఉంటుంది. మా ఇంట్లో ఆ మూలన ఇరవై లీటర్ల అల్యూమినియం క్యాను ఉండేది. అందులో ద్రవ నైట్రోజన్.

నాకు కత్తుల పిచ్చి 2020 లాక్‌డౌన్‌లో పట్టుకుంది. కరీంనగర్‌లో మా ఇంటి వెనక ఓ రేకుల షెడ్డు ఖాళీగా ఉంటే అందులో గ్యాస్ కొలిమి పెట్టుకున్నాను. పాత రైలుపట్టా ముక్కే దాగలి. లారీ కమాన్ పట్టీతో మొదటి కత్తి చేస్తే అది వంకాయలు చక్కగా కోసింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం నిజమైనది, దాన్ని ఇప్పటికీ కాదనను. దాని తర్వాత వచ్చిందే పాడుబుద్ధి.

పని రాకముందే పేరు రావాలని ఎవరికుండదు? మాకు దగ్గర్లోనే, నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం ఉంది. అక్కడ మట్టి మూసల్లో వండిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా నుంచి వర్తకులు వచ్చి కూర్చునేవారు. తెల్లవాళ్ళు వూట్జ్ అని రాసుకున్న ఉక్కు అదే. ఫెరడే అంతటి శాస్త్రవేత్త 1819లో భారతదేశపు ఈ ఉక్కును పరీక్షించి వ్యాసం రాశాడు. ఇదంతా చదివేసరికి నా ఛాతీ నాలుగంగుళాలు పెరిగింది. చేసినవి రెండు కత్తులు. మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో మాత్రం నేను కోనసముద్రం వారసుణ్ణి.

వారసుడు లారీ పట్టీలతో సరిపెట్టుకుంటాడా? డీ2 ఉక్కు తెప్పించాను. టూల్‌రూముల్లో హెచ్‌సీహెచ్‌సీఆర్ అంటారే, అది. సుమారు ఒకటిన్నర శాతం కార్బన్, పన్నెండు శాతం క్రోమియం. దాన్ని 1010 డిగ్రీల దగ్గర ఓ ఇరవై ముప్పై నిమిషాలు కదలకుండా నిలపాలి. నా కొలిమికి థర్మామీటరు లేదు. నా కళ్ళ మీద నాకు అంత ధీమా. నారింజ రంగు వచ్చిందనిపించింది. ఇంకాస్త ఉంటే ఇంకా మంచిది కదా అనిపించి ఇంకాస్త ఉంచాను. తీసి రెండు అల్యూమినియం దిమ్మెల మధ్య నొక్కి చల్లార్చాను. ఓవెన్‌లో పెట్టి రెండుసార్లు టెంపరింగ్ కూడా చేశాను. చివరికి ఆకురాయి పెట్టి చూస్తే, గాజు మీద జారినట్టు జారాల్సింది గరగరా కొరికింది. వారసుడి కత్తి మెత్తబడింది.

ఆ రాత్రంతా ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఉక్కు ఎర్రగా కాలినప్పుడు కార్బన్ అందులో కరిగి ఉంటుంది, ఆ స్థితి పేరు ఆస్టెనైట్. వేగంగా చల్లారిస్తే అది మార్టెన్‌సైట్ అవుతుంది. కత్తికి గట్టిదనం ఇచ్చేది అదే. ఈ మార్పు ఎంతసేపు ఆగామన్న లెక్కతో జరగదు, వేడి ఎంత కిందికి దిగితే అంత జరుగుతుంది. కమాన్ పట్టీ లాంటి ఉక్కులో చెయ్యి పెట్టి పట్టుకోగలిగేంత చల్లబడేసరికి పని దాదాపు పూర్తవుతుంది. డీ2 లాంటి వాటిలో మాత్రం కొంత ఆస్టెనైట్ మారకుండా మిగిలిపోతుంది. దాన్ని మార్చడానికి సున్నాకు చాలా కిందికి తీసుకుపోతారు. ద్రవ నైట్రోజన్ మరిగేదే సున్నాకు 196 డిగ్రీల కింద. అందులో ముంచితే గట్టిదనం రాక్‌వెల్ కొలతలో ఒకటి రెండు పాయింట్లు పెరుగుతుంది. క్రయో ట్రీట్‌మెంట్ అంటారు. ఆ మాట నాలుక మీద పడగానే నేను పూర్తిగా ఆ మాటకే అమ్ముడుపోయాను.

అదే పేజీలో, నాలుగు వరుసల కిందే, ఇంకో విషయం ఉంది. అక్కడిదాకా చదవలేదు. ఉక్కును అతిగా కాలిస్తే అవసరానికి మించి కార్బన్ కరిగిపోతుంది, మారకుండా మిగిలే ఆస్టెనైట్ అంతకంతకూ పెరుగుతుంది. మంట ఎక్కువై పాడైన కత్తికి నేను చల్లదనం చాలలేదని తీర్పు చెప్పేశానన్నమాట. ఇంకోటి కూడా ఉంది. ఈ ముంచడమేదో చల్లార్చిన వెంటనే జరగాలి. టెంపరింగ్ అయిపోయి, రెండు వారాలు అలమరలో పడుకున్న కత్తిలో ఆస్టెనైట్ మొండికేస్తుంది. గట్టిపడ్డ సిమెంటులో నీళ్ళు పోసి మళ్ళీ కలుపుదామన్నట్టు నేను బయల్దేరాను.

ఇక్కడ మా బావమరిది సంగతి చెప్పాలి, చెప్పకపోతే నా తప్పు మీకు పూర్తిగా తెలియదు. అతను గోపాలమిత్ర. బర్రెలకు, ఆవులకు కృత్రిమ గర్భధారణ చేస్తాడు. వీర్యం గొట్టాలు ద్రవ నైట్రోజన్‌లోనే ఉంటాయి కాబట్టి మూడు లీటర్ల క్యాను బండి వెనక కట్టుకుని ఏళ్ళ తరబడి ఊళ్ళు తిరుగుతున్నాడు. మన పల్లెల్లో ఆ ద్రవంతో రోజూ కాపురం చేసేవాళ్ళెవరంటే వాళ్ళే. నేను హైదరాబాద్‌లో పాత క్యాను కొని, గ్యాసు డీలరు దగ్గర నింపించుకున్నానని తెలిసి ఫోన్ చేశాడు. "బావా, నీకు దండం పెడ్త. ఆదివారం నేనొస్తన్న. అప్పటిదాంక మూత తియ్యకు" అన్నాడు. సరేనన్నాను. ఫోను పెట్టేశాక మనసులో ఏమనుకున్నానో ఇప్పుడు రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. బర్రెల పని చేసేవాడు నాకు లోహశాస్త్రం చెబుతాడా అనుకున్నాను. అప్పటికే ఆ క్యానును హైదరాబాద్ నుంచి కారు వెనక సీట్లో బెల్టు కట్టి, ఎండకు ఆవిరైపోతుందని అద్దాలన్నీ ఎక్కించి, ఏసీ పెట్టుకుని తెచ్చిన మహానుభావుణ్ణి.

అది గురువారం. ఆదివారం దాకా ఆగాలి. ఆగలేదు.

సాయంత్రం వాన మొదలైంది. జల్లు కొడుతోందని షెడ్డు కిటికీ మూశాను. తలుపు మూశాను. కింది సందులోంచి నీళ్ళు వస్తున్నాయని గోనెసంచి మడిచి అక్కడ కుక్కాను. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు గది. ఇప్పుడది మూత బిగించిన డబ్బా. గోడకు విశ్వకర్మ పటం, దాని కింద నేల మీద పీట, పీట మీద రోజూ పెట్టే నూనె దీపం. కొలిమి వెలిగించలేదు. చేపల బజారు నుంచి తెచ్చిన థర్మాకోల్ పెట్టెలో కత్తి నిలబెట్టాను. ఫోనును ఒక డబ్బాకు ఆనించి వీడియో మొదలుపెట్టాను. గ్రూపులో పెట్టాలి కదా!

క్యాను వంచాను. సలసలా మరిగింది. తెల్లటి పొగ పెట్టె అంచులు దాటి నేల మీదికి పారింది. ఆ తెలుపు గాలిలోని తేమే, నైట్రోజన్ కంటికి కనిపించదు. కత్తి మునిగేదాకా పోశాను, ఆరు లీటర్లు పోసి ఉంటాను. అంతలో కిర్రుమని శబ్దం వచ్చింది. థర్మాకోల్ అతుకు దగ్గర విడిచింది. ద్రవమంతా సిమెంటు నేల మీదికి వచ్చేసింది. బాగా కాలిన పెనం మీద నీళ్ళు చల్లితే చుక్కలు ఎలా ఉరుకులాడతాయో, అలా వందల చుక్కలు నేలంతా పరుగెత్తాయి. లైడెన్‌ఫ్రాస్ట్ అనే ఆయన 1756లోనే దీని గురించి రాశాడు. చుక్క కింద దాని ఆవిరే పరుపులా ఏర్పడి దాన్ని మోస్తుంది. ఎంత బాగుందో అని నిలబడి చూశాను. నిమిషం రెండు నిమిషాల్లో చుక్కలన్నీ మాయమయ్యాయి.

దీపం చిన్నదైంది. నూనె అయిపోయిందనుకున్నాను. చూస్తే ప్రమిద నిండా నూనె ఉంది. దీపం ఆరిపోయింది. వంగి అగ్గిపుల్ల గీశాను. చుర్రుమని, వెంటనే చచ్చింది. వానకు అగ్గిపెట్టె మెత్తబడిందనుకున్నాను. మోకాళ్ళ మీద కూర్చుని రెండోది గీశాను. అదీ అంతే. నవ్వొచ్చింది. ఎందుకో తల తేలిగ్గా, పండగపూట ఉన్నట్టు హాయిగా ఉంది. మూడోది గీసి, ఇంకా దగ్గరగా, నేలకు ఇంకా వంగి, దీపం దగ్గర పెట్టాను. పుల్ల తల ఎర్రబడి నల్లబడింది. లేద్దామనుకున్నాను. కాళ్ళు ఎవరివో అన్నట్టున్నాయి.

తలుపు అప్పుడు తెరుచుకుంది. గోనెసంచి అడ్డం పడితే మా ఆవిడ భుజంతో నెట్టిందట. "అన్నం సల్లారిపోతంది, వస్తరా రారా?" అంటూ వచ్చింది. పొగ చూసి నా చెయ్యి పట్టి బయటకు లాగింది. వానలో మెట్టు మీద కూర్చుని చాలాసేపు ఊపిరి పీల్చుకున్నాను. తల తిరిగిందని చెప్పాను. అన్నం తినకపోతే తిరగదా అని తిట్టింది. తనకు తెలిసిన సగం ఇది.

మర్నాడు క్యాలెండరు వెనక లెక్క వేశాను. లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు. ఆరు లీటర్లకు 4,200. నా గది మొత్తం 22,600 లీటర్లు. గదిలో అయిదో వంతుకు దగ్గరగా గాలిని బయటకు తోసి నైట్రోజన్ కూర్చుంది. మామూలు గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్, గదంతా సమంగా కలిసిందనుకున్నా, 17కు పడిపోయింది. అయితే అది సమంగా కలవదు. చల్లటి వాయువు బరువుగా ఉండి నేలనే అంటిపెట్టుకుంటుంది. దీపం ఉన్నది అక్కడే. నేను దీపం కోసం వంగింది అక్కడికే. అయినా ఊపిరాడనట్టు నాకు అనిపించలేదు. మనకు ఉక్కిరిబిక్కిరి తెలిసేది ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నప్పుడు. నైట్రోజన్ పీలుస్తున్నా ఆ కార్బన్ డయాక్సైడ్ బయటకు పోతూనే ఉంటుంది. వాసన లేదు, మంట లేదు, దగ్గు లేదు. హాయిగా ఉంటుంది, అంతే. ఆ హాయి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

బావమరిదికి మాత్రం అంతా చెప్పాను. అరుస్తాడనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "కార్ల పెట్టి అద్దాలు ఎక్కియ్యద్దని మాకు ముందుగాల్నే చెప్తరు బావా. గాలాడని అర్రల మూత తియ్యద్దని చెప్తరు. నన్ను అడిగితే చెప్పకపోదునా?" అన్నాడు. అంతకన్నా అరిచినా బాగుండేది.

కత్తి ఏమైందని అడుగుతారు మీరు. దాన్ని మళ్ళీ టెంపరింగ్ చేయాలని కూడా నాకు అప్పుడు తెలియదు. అంత చలిలో కొత్తగా ఏర్పడిన మార్టెన్‌సైట్‌ను వేడి చేసి కుదుటపరచకపోతే అది పెళుసుగా ఉంటుంది. ఆ వారం మటన్ కొడుతుంటే కొన పుటుక్కున విరిగింది. రెండు ముక్కలూ పట్టుకుని మా ఊరి కమ్మరి తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన నీడలో కూర్చుని కొడవళ్ళకు పదును పెడుతున్నాడు. విరిగిన చోటు ఎండకు తిప్పి చూపించాడు. చక్కెర పలుకుల్లా తళతళా మెరుస్తోంది. తన పాత కొడవలి విరుగు ఒకటి పక్కన పెట్టాడు. మెరుపు లేదు, మెత్తటి బూడిద రంగులో, బట్టలా ఉంది.

"దీన్ని సల్లగ జేసుడు ఎందుకు సారూ? గిది మస్తు కాలింది. గంతే దీని రోగం" అన్నాడు. ఫోను చూడలేదు, ఆకురాయి పెట్టలేదు. అర నిమిషం పట్టింది ఆయనకు. నైట్రోజన్ తెలిసినవాడు ఒక ఫోన్ దూరంలో, ఉక్కు తెలిసినవాడు నాలుగు వీధుల దూరంలో ఉంటే నేను ఇద్దర్నీ దాటుకుని హైదరాబాద్ దాకా వెళ్ళొచ్చాను.

తర్వాత కొలిమికి వేడి కొలిచే థర్మోకపుల్ పెట్టించాను. నేను కత్తి ఉంచిన మూల 1100 దాటి చూపించింది, ఇటు పక్క 930. ఇప్పుడు డీ2 కత్తులు నేను ఆకారం తీసి హైదరాబాద్ బాలానగర్‌లో వాక్యూమ్ ఫర్నేసు ఉన్న షాపుకు పంపుతున్నాను. ఇంట్లో కమాన్ పట్టీలే. ఆదివారాలు తాత దగ్గర కూర్చుని, చల్లార్చిన కొడవలిని మళ్ళీ వేడి చేస్తుంటే లేత గడ్డిరంగు ఎప్పుడు వస్తుందో, అది గోధుమరంగుకు తిరిగేలోపు ఎప్పుడు తీయాలో చూస్తున్నాను. ఇంకా నా కన్నుకు అందడం లేదు. క్యాను బావమరిదికి ఇచ్చేశాను.

వీడియో ఫోనులోనే ఉంది. గ్రూపులో పెట్టలేదు, చెరిపేయనూ లేదు. అందులో నా గొంతు నవ్వుతూ, ముద్దముద్దగా, అగ్గిపెట్టె తడిసిందని మూడుసార్లు అంటుంది. మూడోసారి మాట పూర్తి కాదు.

షెడ్డు తలుపు ఊడదీయించాను. గాలి రావడానికని చెప్పాను. దీపం అదే పీట మీద పెడుతున్నాను. మా ఆవిడ ఏమీ అడగలేదు గానీ, పొద్దుగూకాక వంటింటి కిటికీలోంచి అప్పుడప్పుడూ అటు చూస్తుంటుంది. వెలుగుతోందో లేదో అని.