మద్య నిషేధ శాఖలో అమ్మకాల ఉద్యోగం

మా పెదనాన్నగారి మనవడికి 2019లో ఉద్యోగమొచ్చింది. బీకాం చదివి మూడేళ్లు అరుగుమీద కూచున్నవాడు కాబట్టి వీధి వీధంతా సంతోషించింది. సంబంధం కూడా వెంటనే వచ్చింది. పిల్ల తండ్రి రిటైర్డు హెడ్మాస్టరు, నిక్కచ్చి మనిషి.

“ఏ శాఖ బాబూ?” అన్నాడు.

“మద్య నిషేధం, ఆబ్కారీ అండి.”

మొదటి రెండు మాటలకే ఆయన మొహం విప్పారింది. “చేస్తే అలాంటి శాఖలోనే చెయ్యాలి. అక్కడ నీ పనేమిటి?”

“అమ్ముతానండి.”

కాఫీ గ్లాసులు పెదాల దాకా వచ్చి ఆగిపోయాయి. పెదనాన్నగారు సర్దబోయారు: “దుకాణాలు నడిపేది బెవరేజెస్ కార్పొరేషనండి.” పిల్ల తల్లి ఆశగా అడిగింది: “అంటే కాఫీపొడి లాంటిదా అన్నయ్యగారూ?”

పాపం, ఆ బోర్డు వాడు రాయించింది కాదు. దూబగుంట అనే పల్లెలో ఆడవాళ్లు సారా కొట్ల మీద తిరగబడ్డాక, మందు ఆపేస్తానని ఎన్టీఆర్ మాటిచ్చి గెలిచాక, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో పోయింది. మందు వెనక్కొచ్చేసింది గాని బోర్డు మీది ‘నిషేధం’ మాత్రం అలాగే ఉండిపోయింది. చెరపడానికి పెయింటు ఖర్చు దండగనుకున్నారేమో. ఒకే ఆఫీసు, ఒకే కుర్చీ. ఎడం చేత్తో వద్దంటుంది, కుడి చేత్తో పోస్తుంది.

2019 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు వైన్ షాపులు పోయి సర్కారు షాపులొచ్చాయి. అంతకుముందు 4,380 ఉన్నవి 3,500 అయ్యాయి. దశలవారీగా నిషేధం తెస్తున్నాం, అందుకే మేమే అమ్ముతున్నాం అన్నారు. దొంగతనాలు తగ్గించడానికి పోలీసులే కన్నాలేసినట్టు. సూపర్‌వైజర్‌కి డిగ్రీ, సేల్స్‌మన్‌కి ఇంటర్ ఉండాలన్నారు. క్వార్టర్ తీసి కౌంటర్ మీద పెట్టడానికి ఇంటర్ ఎందుకంటే చిల్లర లెక్క కోసమేమో. ఉద్యోగం కాంట్రాక్టు. అంటే అమ్మేది గవర్నమెంటు, అమ్మేవాడు మాత్రం గవర్నమెంటు కాదు. మావాడు కొత్త చొక్కా వేసుకుని చేరాడు. మర్నాడే గాంధీ జయంతి. చేరిన రెండోనాడే షాపుకి తాళం. ఇంట్లోవాళ్లు ఉద్యోగం ఊడిందనుకుని మళ్లీ దిగులుపడ్డారు.

ఇక రూల్సు. 1968 నాటి ఆబ్కారీ చట్టంలో 72వ సెక్షన్ అని ఒకటుంది. ఈ చట్టం కింద కావలసిన నియమాలు సర్కారే రాసుకోవచ్చని దాని సారాంశం. చట్టం చెయ్యాలంటే అసెంబ్లీ కూచోవాలి, అరుచుకోవాలి, బల్లలు చరచాలి. నియమానికి అదేమీ అక్కర్లేదు. ఫైలు, సంతకం, జీవో, అంతే. ఎన్ని సీసాలు దగ్గరుంచుకోవచ్చో, షాపు ఎన్నింటికి మూయాలో, లైసెన్సుకి ఎంత కట్టాలో అన్నీ అలా తేలేవే.

ఆ సంతకం పెట్టే కలానికి ఎంత వాటముందో సీసాల కథ చెబుతుంది. మనిషికి మూడు సీసాల దాకా ఉంచుకోవచ్చని 2019లో ఒక జీవో ఇచ్చారు. ధరలు మండిపోయాక జనం తెలంగాణ వెళ్లి మూడేసి తెచ్చుకోవడం మొదలెట్టారు. సరిహద్దులో పట్టుకున్నారు. వ్యవహారం హైకోర్టుకెక్కింది. మూడు ఉంచుకోవచ్చని మీరే రాశారుగా, పక్క రాష్ట్రం నుంచి తెచ్చుకున్నా మూడు మూడే అని 2020 సెప్టెంబరులో కోర్టు చెప్పింది. శాఖవారు తీర్పుని శిరసావహించారు. అక్టోబరులో జీవోనే మార్చేశారు. చదరంగంలో రాజుకి చెక్ చెబితే బల్లమీద గళ్లు మళ్లీ గీసుకున్నట్టు.

ఉద్యోగుల్ని సమకూర్చుకోవడంలో మాత్రం వాళ్లకి సాటి లేదు. 2020 మే 4న లాక్‌డౌన్ మధ్యలో షాపులు తెరిచారు. ధర మొదట 25 శాతం పెంచారు, మర్నాడు ఇంకో 50. తాగుడు మాన్పించడానికే అన్నారు. జనానికి ఆ మాట వినపడే వీల్లేదు, లైను అంత పొడుగు. లైను అదుపు చెయ్యడానికి మనుషులు చాల్లేదు. అప్పుడు విశాఖ జిల్లాలో టీచర్లకి డ్యూటీలు పడ్డాయి, టోకెన్లివ్వమని! బడులెలాగూ మూతబడ్డాయి, హాజరు వేసే అలవాటున్నవాళ్లు, వరసలో నించోబెట్టడం తెలిసినవాళ్లు. ఇంతకన్నా తగినవాళ్లు దొరకరని ఏ ఆఫీసరుకో తట్టి ఉంటుంది. పదో తరగతి తప్పిన శిష్యుడు చెయ్యి చాపితే టోకెనిస్తూ మాస్టారు ఏమనుకుని ఉంటారో! పిల్ల తండ్రి హెడ్మాస్టరుగారు ఆ వార్త చదివి పేపరు మడిచి, “నేను ముందే రిటైరయ్యాను, దేవుడున్నాడు” అన్నాడు.

అన్నట్టు ఆ పెళ్లయిపోయింది. ఎలాగంటారా? తాగుతాడా అని పిల్ల తండ్రి అడిగితే, “రోజంతా ఆ వాసన పీల్చేవాడికి తాగబుద్ధేస్తుందా అండి” అన్నారు పెదనాన్నగారు. అది ఆయనకి నచ్చింది.

2024లో ప్రభుత్వం మారింది, కలం చేతులు మారింది. అక్టోబరులో 3,396 షాపులు మళ్లీ ప్రైవేటుకి. రాత్రి పెందలాడే పడుకునే షాపు పదింటి దాకా మేలుకోవడం మొదలెట్టింది. 99 రూపాయల క్వార్టర్ వచ్చింది. దరఖాస్తుకి 2 లక్షలు, లాటరీలో రాకపోయినా తిరిగివ్వరు. దాదాపు 90 వేల దరఖాస్తులొచ్చాయి. ఒక్క సీసా మూత తియ్యకుండా, కాగితాలమ్మి 1,800 కోట్లకు దగ్గరగా రాబట్టిన శాఖ ఇది. బడ్జెట్ రాసేవాళ్లు దీనికి దిష్టి తియ్యాలి.

మావాడికి మాత్రం ఉద్యోగం పోయింది. కాంట్రాక్టువాళ్లంతా రోడ్డెక్కారు, నినాదాలిచ్చారు. నెలన్నర తిరక్కుండా లాటరీ తగిలిన షావుకారు వాణ్ని పిలిచి పెట్టుకున్నాడు. అదే షాపు, అదే కౌంటరు. గోడకి రంగు మాత్రం కొత్తది.

ఆదివారం మావగారొచ్చారు. “ఇప్పుడు ఏ శాఖ అల్లుడూ?”

“శాఖేం లేదు మావయ్యగారూ, ప్రైవేటే.”

ఆయన కాసేపు ఆలోచించి నిట్టూర్చాడు. “అంటే... మద్య నిషేధం మానేశావన్నమాట.”