‘ముందిదెంత’ బావగారు

ప్రతి ఇంట్లోనూ ఇలాంటి మనిషి ఒకరుంటారు. మీ ఇంట్లో బాబాయో, పెదనాన్నో, పక్కవాటాలో ఉండే రిటైర్డు హెడ్మాస్టారో అయ్యుంటారు. మా ఇంట్లో ఆ పదవి మా అక్క మొగుడిది. ఏ ఊరు తీసుకెళ్లినా ఆయన ఆ ఊళ్లో ఉండరు. టిఫిను అక్కడే చేస్తారు, ఫొటో అక్కడే దిగుతారు, మాట మాత్రం ఇంకో ఊళ్లో తిరుగుతూ ఉంటుంది. తాజ్‌మహల్ ఎదురుగా నిలబడి కొండపల్లి కోట గొప్పదనం చెప్పారు. కొండపల్లి తీసుకెళ్తే గోల్కొండ గురించి చెప్పారు. గోల్కొండకి ఇంకా తీసుకెళ్లలేదు. అక్కడేం చెప్తారో నాకు తెలుసు, తాజ్‌మహల్ గురించి చెప్తారు.

“దాని ముందిదెంతోయ్!” ఇదీ ఆయన ఊతపదం. ‘అది’ ఏదైనా కావచ్చు, ‘ఇది’ మాత్రం ఎప్పుడూ మనం డబ్బు పెట్టి, సెలవు పెట్టి చూడ్డానికొచ్చిందే.

బావగారు ఇరిగేషన్‌లో డీఈగా రిటైరయ్యారు. లోకంలో నీళ్లు రెండే రకాలని ఆయన నమ్మకం: కృష్ణ నీళ్లు, తక్కిన నీళ్లు. పాత ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయిందనీ, ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చిందనీ, గేట్లు 70 అనీ, నిండు మట్టం 57.05 అడుగులనీ, అప్పుడు నిలిచే నీళ్లు 3.07 టీఎంసీలనీ నిద్రలో లేపి అడిగినా చెప్తారు. పెళ్లిరోజు ఎప్పుడని అడిగితే మాత్రం అక్క వైపు చూస్తారు.

అలాంటి మనిషిని మేం అండమాన్ తీసుకెళ్లాం. సంక్రాంతి హడావిడి తగ్గాక, చెన్నై మీదుగా. విమానం దిగగానే బోర్డు చదివి ఆయన మొహం వెలిగిపోయింది. పోర్ట్ బ్లెయిర్ పేరుని 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని మార్చారు కదా. “చూశావుటోయ్, మన విజయవాడ పేరే పెట్టుకున్నారు!” అన్నారు. అది స్వాతంత్ర్య పోరాట విజయానికి గుర్తుగా పెట్టిన పేరని చెప్పబోయాను. “విజయం ఎవరిదైతేనేం, వాడ మనదే కదా” అని ట్రాలీ తోసుకుంటూ వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే వండూరు బయల్దేరాం. ఊరికి పాతిక ముప్ఫై కిలోమీటర్లు. మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులోకి పడవలు అక్కణ్ణుంచే కదులుతాయి. 1983లో పెట్టిన పార్కు ఇది. 15 దీవులున్నా మనలాంటివాళ్లు అడుగుపెట్టగలిగేవి జాలీ బాయ్, రెడ్ స్కిన్ అని రెండే. ఆ రెండూ ఒకేసారి తెరవరు. ఒకదాంట్లోకి జనాన్ని వదిలిన నెలల్లో రెండోదానికి విశ్రాంతి. ఈ సంగతి చెప్పగానే బావగారు తొడ మీద చరుచుకున్నారు. “వారబందీ! ఎగువ కాలవకో వారం, దిగువ కాలవకో వారం. మన దగ్గర నేర్చుకుందేనయ్యా ఇది!”

రేవు దగ్గర సంచుల తనిఖీ. దీవిలోకి ప్లాస్టిక్ తీసుకెళ్లకూడదు. మా సంచులన్నీ బల్లమీదికెక్కాయి. మొదట జంతికల కవరు బయటికొచ్చింది. దాని వెనక చల్ల మిరపకాయల కవరు, తొక్కుడు లడ్డూల కవరు, బావగారి మందుల కవరు, తడిబట్టలకని తెచ్చిన కవరు. అన్నిటికన్నా అడుగున చక్కగా నలుచదరంగా మడిచిన ఖాళీ కవర్లు ఓ బొత్తి, వాటిని దాచిన ఇంకో కవరు. తెలుగువాళ్ల ఇళ్లలో వంటింటి తలుపు వెనక వేలాడే ఆ కవర్ల కవరుని బావగారు సముద్రం దాటించి తీసుకొచ్చారు. ఏ నిమిషానికి ఏ అవసరమొస్తుందో ఎవరికెరుక!

“యే ప్లాస్టిక్ నహీ హై భాయ్, యే కవర్ హై” అన్నారు గార్డుతో, చాలా మర్యాదగా.

ఆ కుర్రాడు తలెత్తకుండానే, “కవరంటే పలాస్టిక్కేనండి బాబూ. తీసీయండి” అన్నాడు.

తెలుగు! వాళ్లది సోంపేట వైపట, తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డారట. అండమాన్‌లో మనవాళ్లు చాలామందే ఉన్నారు, అందులోనూ ఉత్తరాంధ్ర నుంచి వెళ్లినవాళ్లు. “అరెరె, మనవాడే!” అని బావగారు భుజమ్మీద చెయ్యేసి, గొంతు తగ్గించి, “మనవాడివి కాబట్టి అడుగుతున్నా, ఆ ఒక్క కవరూ...” అన్నారు. “మనోలు కాబట్టే ముందుగాల తీయమంటన్నానండి” అన్నాడు వాడు. జంతికలు స్టీలు డబ్బాలోకి మారాయి, మందులు జేబు రుమాల్లోకి చేరాయి. కవర్ల కవరు రేవులోనే ఉండిపోయింది. దాన్ని అప్పగిస్తూ బావగారు, “బందరు కాలవ గట్టుకొచ్చి చూడు. ఒక్క కవరునైనా ఎవడైనా ఆపుతాడేమో!” అన్నారు. అది గొప్ప అనుకునే అన్నారు.

పడవ సుమారు గంట ప్రయాణం. దారిలో ఒడ్డులంతా మడ అడవులు. “నాగాయలంక మడ ముందిదెంత!” గైడు దీవుల పేర్లు చెప్తుంటే, ఇక్కడ నీటి నిల్వ ఎన్ని టీఎంసీలుంటుందని అడిగారు. కుర్రాడు బిత్తరపోయి, “సార్, యే సముందర్ హై” అన్నాడు. చిన్న కెరటమొచ్చి పడవ ఊగితే, 2024 సెప్టెంబరులో బ్యారేజీ మీదుగా 11 లక్షల 43 వేల క్యూసెక్కులు పోయిందనీ, దాన్ని వరద అంటారనీ, దీన్ని ఊపు అంటారనీ వివరించారు. క్యూసెక్కంటే ఏమిటని అడిగిన పాపానికి వెనక సీట్లో కొత్తగా పెళ్లయిన బెంగాలీ జంట దీవి వచ్చేదాకా పాఠం విన్నారు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన హాస్యమాడరు. లైఫ్ జాకెట్. 2017 నవంబరు 12న కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయారు. ఆ సాయంత్రం నుంచి బావగారు ఏ పడవెక్కినా ముందు జాకెట్లు లెక్కపెడతారు, తరవాత మనుషుల్ని లెక్కపెడతారు. ఆ రోజూ అంతే. పిల్లల దగ్గర్నుంచి ఆ బెంగాలీ అబ్బాయి దాకా ఒక్కొక్కరి బకిల్ లాగి చూశారు. “కుర్రతనంలో ఇంద్రకీలాద్రి రేవు నుంచి సీతానగరం ఈదినవాణ్ణి నేనే వేసుకున్నాను, నీకేం రోగం?” అని నన్ను కసిరారు. ఆ కసురు నాకు ముద్దుగానే అనిపించింది.

జాలీ బాయ్ ఒడ్డుకి పెద్ద పడవ ఆనదు, పగడపు దిబ్బలు దెబ్బతింటాయి. అడుగున అద్దమున్న చిన్న పడవలోకి దింపి తీసుకెళ్తారు. అక్కణ్ణుంచి గవ్వ కూడా తెచ్చుకోకూడదని గైడు చెప్తే బావగారికి నమ్మశక్యం కాలేదు. “మా దగ్గర నదిలో ఇసకే లారీలకి లారీలు లేచిపోతుంటే, వీళ్లకి గవ్వకీ లెక్కేనా!” ఇది మెచ్చుకోలో ఎకసెక్కమో నాకిప్పటికీ తేలలేదు.

ఇక స్నార్కెలింగ్. కళ్లకీ ముక్కుకీ కలిపి అద్దం బిగించి, నోట్లో గొట్టం పెట్టి, నీళ్లమీద బోర్లా పడుకోవాలి. ఊపిరి నోటితోనే. దీంట్లో అందరికీ ఉండే ఇబ్బంది నీళ్లు మింగడం. బావగారికి వచ్చిన ఇబ్బంది వేరు, నోట్లో గొట్టముంటే మాట్లాడలేరు. మా అక్క ఒడ్డున కూచుని, పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన మెలకువగా ఉండి మాట్లాడకుండా గడిపిన మొదటి అరగంట ఇదేనని లెక్కగట్టింది. మధ్యలో ఆ గొట్టంలోంచి “ముం... బు... ఎం...” అని ఒకసారి వినబడింది. దాని అర్థం మా ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఆయన కింద ఏం చూశారో నాకు తెలుసు, నేనూ పక్కనే తేలుతున్నాను. ఆకుపచ్చా నీలం కలిసిన చిలకచేప ఒకటి పగడాన్ని పటుక్కున కొరికి తింటోంది. బావగారు చెయ్యి చాచి, గైడు చెప్పింది గుర్తొచ్చి, చప్పున వెనక్కి తీసుకుని రెండు చేతులూ కట్టుకున్నారు. అలా చేతులు కట్టుకుని, గుళ్లో దర్శనానికి నిలబడినట్టు, దాన్ని చాలాసేపు చూశారు. కొంచెం అవతల పగడాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నీళ్లు మామూలు కన్నా వేడెక్కితే పగడాల ఒంట్లో ఉండి వాటికి తిండీ రంగూ ఇచ్చే నాచు వాటిని వదిలిపోతుందట. 2010లో అండమాన్ పగడాలకి ఈ దెబ్బ గట్టిగా తగిలిందని ఒడ్డుకొచ్చాక గైడు చెప్పాడు. బావగారు విన్నారు. విన్న అయిదు నిమిషాలకి ఆయనే గైడైపోయారు. “ఏయ్, పగడాల మీద నిలబడకండి! వాటికి ప్రాణముందయ్యా!” అని మోకాల్లోతు నీళ్లలో ఈ చివర్నుంచి ఆ చివరికి గట్టు లస్కరులా కాపలా తిరిగారు. ఎవరో గవ్వ జేబులో వేసుకుంటే తీయించి మళ్లీ ఇసకలో పెట్టించారు.

ఇంత జరిగాక ఒక్క మంచిమాట అంటారేమోనని నేను ఆశపడ్డాను. తువ్వాలుతో తల తుడుచుకుంటూ, “నీళ్లు ఇంత తేటగా ఉంటే ఏం లాభమోయ్? మడికి పనికొస్తాయా? ఒండ్రు లేని నీళ్లు నీళ్లే కాదు” అన్నారు.

రాత్రి హోటల్లో చేపల పులుసొచ్చింది. మా ఎవరికీ వంక పెట్టబుద్ధి కాలేదు. బావగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నిట్టూర్చి, “మీ అక్క బొమ్మిడాయిల పులుసు ముందిదెంతోయ్!” అన్నారు. అక్క తలెత్తి చూసింది. ఏమీ అనలేదు. ఇంకో గరిటె అన్నం ఆయన పళ్లెంలో వేసింది.

అసలు కథ తిరిగొచ్చాక మొదలైంది. హైదరాబాదు నుంచి చుట్టాలొస్తే కృష్ణలో ఉన్న భవానీ ద్వీపం తీసుకెళ్లాం. ఎప్పుడూ దాని 133 ఎకరాల వైభవమూ ఏకరువు పెట్టే మనిషి పడవ అంచున చెయ్యి ముంచి, “ఇవీ నీళ్లేనా? చెయ్యి పెడితే చెయ్యే కనపడదు! జాలీ బాయ్ ముందిదెంత!” అనేశారు. నన్ను నేనే గిల్లుకున్నాను. అవే నీళ్లు, అదే మనిషి, ఒండ్రు మాత్రం నెల తిరక్కుండా నేరమైపోయింది.

అక్కడితో ఆగలేదు. అద్దాలూ గొట్టాలూ ఇంటిల్లిపాదికీ ఆన్‌లైన్లో తెప్పించి మమ్మల్ని నాగాయలంక తీసుకెళ్లారు. కృష్ణ అభయారణ్యంలో మడ అడవులున్నాయి, బావురుపిల్లులున్నాయి, శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆ ఇసక తిన్నెల మీద గుడ్లు పెడతాయి. చూడ్డానికి కళ్లుంటే చాలు, గొట్టమక్కర్లేదు. బావగారు వినలేదు. ఓ తిన్నె పక్కన నడుంలోతులో దిగి, అద్దం బిగించి, మొహం ముంచారు. టీ రంగు నీళ్లు. చాలాసేపటికి లేచారు.

“ఏం కనపడిందండీ?” అడిగాడు పడవ తాత.

“ఏముందయ్యా కనపడ్డానికి! అండమాన్‌లో అయితే మనిషిలోతున ఉన్న చేప కంటిరెప్ప కూడా కనపడుతుంది.”

చేపకి రెప్పలుండవన్న సంగతి తాత ఎత్తలేదు. “మా చేపలు తెలివైనయ్యండీ. కనపడితే పట్టేత్తామని ఆటికి తెలుసు” అన్నాడు బీడీ వెలిగించుకుంటూ. బావగారి దగ్గర దీనికి జవాబు లేకపోయింది.

ఇదంతా చదివి ఆయన మీద నాకు కోపమనుకుంటారేమో. ఉండేది. నా ఇల్లు చూసి ఆయన తమ్ముడి ఇల్లు పొగిడారు, నా కారెక్కి ఆయన తమ్ముడి కారు పొగిడారు. ఇన్నేళ్లలో నాకొక్క ముక్క దక్కలేదు. ఆమధ్య బందర్లో ఓ పెళ్లిలో ఆ తమ్ముడు కలిశాడు. మొహం మాడ్చుకుని, “ఏంటండీ మీ గొప్ప? మా అన్నయ్య మా ఇంటికొచ్చినప్పుడల్లా ‘నా బావమరిది ముందు నువ్వెంతరా’ అంటుంటాడు” అన్నాడు. అప్పటికి తెలిసింది నాకు. ఎదురుగా ఉన్నదాన్ని పొగడ్డం ఆయనకి చేతకాదు. ఏ వస్తువైనా, ఏ మనిషైనా ఆయన చేత మంచి అనిపించుకోవాలంటే కాస్త దూరంగా జరగాలి.

మా అక్క ఈ రహస్యం నాకన్నా చాలా ముందే కనిపెట్టింది. మొన్న ఫోన్ చేసి, “లక్షద్వీప్‌కి చూడరా తమ్ముడూ. కొచ్చి నుంచి ఓడట, పర్మిట్ ముందే తీసుకోవాలట” అంది.

“మళ్లీనా అక్కా! అక్కడా ఆయన అదే పాట పాడతారు కదా?”

“అందుకేరా. ఇంట్లో మూడు పూటలా వండిపెడితే ఉప్పెక్కువైందా తక్కువైందా అని కూడా నోరిప్పరు. ఊరు దాటితే చాలు, పూటపూటకీ నా పులుసు తలుచుకుంటారు. ఈసారి నాలుగు రోజులు చాలవు, వారానికి బుక్ చెయ్యి.”